కత్తిరించిన అంచు

పండగకు చేసే స్టోలెన్ రొట్టెలో ఎండుద్రాక్ష ఎంత పడాలో మా అమ్మ రాసిపెట్టిన చీటీ కోసం వంటింట్లో అట్టపెట్టె వెతికాను. దొరికింది. దాన్ని వెనక్కి తిప్పకపోయి ఉంటే ఆ క్రిస్మస్ మామూలుగానే గడిచిపోయేది.

వెనక పెన్సిల్ రాత. అచ్చు గుద్దినట్టు నిటారు అక్షరాలు.

"17-0482. అడ్డదూలం, లోపలి వెల్డింగు. ప్రతి నాలుగు లక్షల కిలోమీటర్లకు పగులు పరీక్ష. చేయకుండా పంపొద్దు. ఎల్. జె."

ఎల్. జె. అంటే లోథార్ జిమాంక్. ఒకప్పుడు మా కర్మాగారంలో డ్రాయింగులు సరిచూసినవాడు. ఆ చీటీని కత్తిరించింది మాత్రం నేను.

నా పేరు రేనాటె కూబిష్. ల్యూబ్‌నిట్స్ రైలుపెట్టెల కర్మాగారం డ్రాయింగు విభాగంలో ముప్పై తొమ్మిదేళ్లుగా ఉన్నాను. మా గేటు గోడ మీద పదహారు బోల్టు రంధ్రాలుంటాయి. యజమాని మారినప్పుడల్లా పేరుపలక మారుతుంది, కొత్త పలక పాత రంధ్రాలకు సరిపోదు. హార్ట్‌విగ్ కుటుంబం పోయి ప్రభుత్వం వచ్చింది. ప్రభుత్వం పోయి రోటాన్ అనే స్విట్జర్లాండ్ కంపెనీ వచ్చింది. దాన్ని కెనడావాళ్ల నార్త్‌గేట్ మింగింది. ఇప్పుడు గురువారం నాడు నార్త్‌గేట్‌ను ఫ్రాన్స్‌కు చెందిన వెల్మోర్ మింగబోతోంది. అదే రోజు కర్మాగారానికి నూట యాభై ఏళ్ల వేడుక. ఆ నూట యాభై ఏళ్ల చరిత్ర అరవై పేజీల్లో రాసే పని నాకు అప్పగించారు. "గతుకులు లేకుండా సాఫీగా రాయండి" అన్నారు డైరెక్టర్ డాక్టర్ వీలండ్.

ప్రభుత్వం ఉన్న రోజుల్లో డ్రాయింగులో చిన్న గీత మార్చాలన్నా బెర్లిన్ అనుమతి కావాలి. ఎనిమిది నెలలు పట్టేది. అందుకే సరిచూసేవాళ్లు డ్రాయింగు చుట్టూ ఉన్న గడి లోపల ముట్టుకోకుండా, బయట అంచు మీద పెన్సిల్‌తో రాసేవారు. వర్క్‌షాపులో మేస్త్రీలు ముందు అంచు చదివి, తర్వాతే డ్రాయింగు చూసేవారు. ఇది ఏ పుస్తకంలోనూ లేదు. మాకందరికీ తెలుసు, అంతే.

1993లో రోటాన్ వచ్చింది. ఆరు వారాల్లో డ్రాయింగులన్నీ కంప్యూటర్లోకి ఎక్కాలన్నారు. వాళ్ల యంత్రంలో మా కాగితం పట్టలేదు, వెడల్పు ఎక్కువైంది. "అంచులు కోసేయండి" అన్నాడు పర్యవేక్షకుడు. పదకొండు వేల కాగితాల అంచులు నేనే కోశాను. వెనక తెల్లగా ఉన్న మంచి కాగితం. పారేయడానికి చేతులు రాక ఇంటికి తెచ్చుకున్నాను. మా అమ్మ ఏళ్ల తరబడి వాటి మీదే వంటలు రాసుకుంది.

సోమవారం పొద్దున ఎప్పటిలాగే ఏడూ నలభై రైలెక్కాను. నిండా జనం. బడి పిల్లలు, ఆసుపత్రి నర్సులు, చంకలో క్రిస్మస్ చెట్టుతో ఒక ముసలాయన. పట్టా అతుకు తగిలినప్పుడల్లా కాళ్ల కింద టక్కుమంటోంది. ఇరవై ఐదేళ్లుగా వింటున్న చప్పుడే. ఆ రోజు ప్రతి టక్కుకూ ఊపిరి బిగబట్టాను.

కంప్యూటర్లో 17-0482 తీశాను. డ్రాయింగు ఉంది, పరీక్ష మాట లేదు. మరమ్మతు పుస్తకం తీశాను. అందులోనూ లేదు. పెట్టె బరువంతా మోసే ఆ అడ్డదూలంతో రోటాన్ కాలంలో రెండు వందల పన్నెండు పెట్టెలు కట్టాం. అన్నీ ఇంకా తిరుగుతున్నాయి, రోజూ నేనెక్కే రైలుతో సహా.

మధ్యాహ్నం లోథార్ ఇంటికి వెళ్లాను. ఎనభై ఆరేళ్లు. తోటలో గులాబీ మొదళ్లకు మంచు తగలకుండా గోనె చుడుతున్నాడు.

"ఏం పిల్లా, నీ చరిత్రలో నన్ను చంపేశావా, బతికుంచావా?"

చీటీ ఇచ్చాను. ముందు ఎండుద్రాక్ష వైపు చదివాడు.

"అరకిలో? మీ అమ్మ చెయ్యి పెద్దదే."

"వెనక చూడండి."

చూశాడు. చేతిలోని గోనె జారిపోయింది.

"87లో పరీక్ష బల్ల మీద పగిలింది. పగులు చేతి వెడల్పయింది. అంతే, చప్పుడు లేదు, గుర్తు లేదు, దూలం విరిగిపోయింది." నా వైపు తిరిగాడు. "ఇది ఇప్పటి కాగితంలో లేదా?"

"లేదు."

"మరి ఇన్నేళ్లూ ఎలా నడిచాయి?"

"2016 దాకా మరమ్మతులు మన వర్క్‌షాపులోనే కదా. మనవాళ్లు అలవాటు కొద్దీ చూసేవారు. తర్వాత ఆ పని వేరే దేశానికి పోయింది. వాళ్లు పుస్తకంలో ఉన్నదే చేస్తారు."

ఆయన వేళ్ల మీద లెక్కవేశాడు. ఏడాదికి లక్షన్నర కిలోమీటర్లు. తొమ్మిదేళ్లు. మూడు పరీక్షలు ఎగిరిపోయాయి.

"ఎవరు కోశారు ఆ అంచు?"

"నేనే."

కింద పడ్డ గోనె తీసి మడతపెట్టాడు. తర్వాత, "మీ డైరెక్టర్ దగ్గరికి పో. ఇవాళే పో," అన్నాడు.

డాక్టర్ వీలండ్ నా మాట పూర్తిగా విన్నారు. చీటీని వేలి కొసలతో పట్టుకున్నారు.

"కూబిష్ గారూ, దీని మీద వెన్న మరక ఉంది."

"ఉంది సార్."

"వెల్మోర్ వాళ్లకు ఈ వెన్న మరక చూపించమంటారా? వాళ్లు లేచి వెళ్లిపోతే తొమ్మిది వందల మందికి పని పోతుంది. మీ పక్కింటివాళ్లే వాళ్లంతా."

"ఆ రైలెక్కేది కూడా మా పక్కింటివాళ్లే సార్."

"ముప్పై ఏళ్లుగా ఏమీ కాలేదు. ఇంకో నాలుగు రోజుల్లో ఏమవుతుంది? శుక్రవారం చూద్దాం." చీటీని సొరుగులో పెట్టి తాళం వేశారు. "ఇంకో మాట. ఆ డ్రాయింగులు కంప్యూటర్లోకి ఎక్కించిన పత్రం మీద సంతకం ఎవరిది?"

"నాది."

"అదే. ఎవరైనా మొదట అడిగేది మిమ్మల్నే. మీ మంచి కోసం చెబుతున్నాను. రేపు పాత కాగితాల గది ఖాళీ చేయిస్తున్నాం. మీ టీ కప్పులు గట్రా ఉంటే తీసుకెళ్లండి."

మంగళవారం లారీ వచ్చింది. అంచుల్లేని పదకొండు వేల కాగితాలు ముక్కలుముక్కలయ్యాయి. రైలు భద్రతా కార్యాలయానికి ఫోన్ చేశాను. రాతపూర్వకంగా, ఆధారాలు జతచేసి పంపమన్నారు. ఉన్న ఒక్క ఆధారం సొరుగులో ఉంది.

లోథార్‌కు చెప్పాను. ఫోన్‌లో దగ్గాడు, నవ్వాడో ఏమో.

"కాగితం వాడి దగ్గరుంటే ఏం? గురువారం అతిథులను ఎక్కించి తిప్పడానికి ఏ పెట్టె తుడుస్తున్నారు?"

"మూడో షెడ్డులోది. రోటాన్ కాలందే."

"కిందికి దిగి చూసే గుంత మీదే నిలబెట్టారా?"

"ఆ."

"అయితే నీకు కాగితం దేనికే పిల్లా?"

గురువారం పదకొండు గంటలకు మూడో షెడ్డు నిండిపోయింది. బాకా మేళం, సాసేజీల వాసన, పెట్టెకు ఫిర్ చెట్టు కొమ్మల దండ. అందరికన్నా పాత ఉద్యోగిగా లోథార్‌కు ముందు వరుసలో కుర్చీ వేశారు. కుర్చీ ఖాళీ. వెల్మోర్ తరఫున ఒక మహిళా ఇంజినీరు వచ్చింది. చరిత్రలోంచి ఒక పేజీ చదవమని వీలండ్ గారు నన్ను పిలిచారు.

మైకు ముందు నిలబడ్డాను. చేతిలో అరవై పేజీలున్నాయి. అవి తెరవలేదు.

"1993లో పదకొండు వేల డ్రాయింగుల అంచులు కోశాను," అన్నాను. "వాటిలో ఒకదాని మీద ఏముందో చెబుతాను."

చెప్పాను. నంబరుతో సహా. మేళం వాళ్లలో ఎవరో నవ్వారు, ఆపేశారు. వీలండ్ గారు మైకు తీగ వైపు నడిచారు.

"కూబిష్ గారికి ఒంట్లో బాగాలేదు," అన్నారాయన. "అతిథులు దయచేసి పెట్టెలోకి..."

"ఎవరూ ఎక్కొద్దు," అని పెట్టె కింది నుంచి గొంతు వినిపించింది.

లోథార్ గుంతలో ఉన్నాడు. పక్కనే మా పరీక్షల మేస్త్రీ మీర్కో, చేతిలో ఇనుప బ్రష్షు. రంగు గీకేసి, పగుళ్లలోకి దిగే ఎర్ర ద్రవం కొట్టి పావుగంట అయిందట.

"ఇంకో ఐదు నిమిషాలు," అన్నాడు మీర్కో. "తుడిచి తెల్లపొడి కొట్టాలి. పగులుంటే ఎరుపు పైకొస్తుంది."

వెల్మోర్ ఇంజినీరు ఎవరినీ అడగలేదు. తన కోటు తీసి పక్కవాడికిచ్చి, నిచ్చెన దిగింది. నేనూ దిగాను. గుంత చుట్టూ తొమ్మిది వందల మంది ఆ ఐదు నిమిషాలూ నిలబడ్డారు. దూలం మీద ఎరుపు తుడిచేశాక ఏమీ కనపడలేదు. ఒక్క క్షణం, నేను పిచ్చిదాన్నేమో, అలాగైతే ఎంత బాగుండు అనిపించింది.

మీర్కో తెల్లపొడి కొట్టాడు. అది ఆరింది.

ముందు ఒక చుక్క. తర్వాత ఇంకోటి. చుక్కలు కలిశాయి. తెలుపు మీద సన్నని ఎర్ర గీత మెల్లగా పాకుతూ వచ్చింది. లోథార్ దాని మీద అరచెయ్యి ఆనించాడు. చెయ్యి సరిపోలేదు, గీత ఇటూ అటూ బయటికుంది.

ఇంజినీరు పైకి చూసింది. గుంత అంచున వీలండ్ గారు నిలబడి ఉన్నారు, ముఖం ఆ పొడి కన్నా తెల్లగా ఉంది.

"ఇలాంటివి ఇంకా ఎన్ని?" అంది.

ఆయన నా వైపు తిరిగారు.

"రెండు వందల పదకొండు," అన్నాను నేను.

"ఎక్కడున్నాయి?"

షెడ్డు గోడ అవతల నుంచి కూత వినిపించింది. పదకొండూ నలభై రైలు ల్యూబ్‌నిట్స్ స్టేషన్ వదిలి వంతెన వైపు వెళుతోంది.