చెరువుకు వదిలిన వల

మృగశిర వానలు పడగానే బుచ్చన్న ఇంట్లో ఒక చిన్న పండుగ జరుగుతుంది. ఇక కుట్టడానికి వీల్లేనంతగా చినిగిన వలను వాకిట్లో పరుస్తారు. భార్య జములమ్మ దానికి పసుపు కుంకుమ పెట్టి, బెల్లం ముక్క నైవేద్యం చూపిస్తుంది. బుచ్చన్న ఆ వలను భుజాన వేసుకొని పోయి చెరువులో వదిలి, దండం పెట్టి వస్తాడు. అన్నం పెట్టిన వలను పొయ్యిలో కాల్చకూడదు, చెత్తకుప్పలో పారేయకూడదు. అది ఎక్కడ బతికిందో అక్కడికే పంపాలి. తాత చేశాడు, తండ్రి చేశాడు, బుచ్చన్న చేస్తున్నాడు. చూసినవాళ్లు ముచ్చటపడతారే గాని, ఇందులో తప్పు ఉందని ఎవరికి తోస్తుంది? మంచి పని అనుకున్నదానిలో దాక్కున్న చెడు అంత తొందరగా మన కంటికి ఆనదు.

పెద్దమందడి వైపున్న ఆ ఊరి బెస్తలకు ఇంకో ఆనవాయితీ కూడా ఉంది. దసరా దాటాక ఎక్కడెక్కడి నుంచో బాతులు, కొంగలు గుంపులుగా చెరువులో దిగుతాయి. వాటి వెనకే ఒంటరిగా ఒక చేపగద్ద వస్తుంది. పొట్ట తెల్లగా ఉంటుంది, కంటి మీదుగా కాటుక తీర్చినట్టు నల్లని చార ఉంటుంది. అది నీళ్ల మీద పడి, కాళ్లతో చేపను పట్టుకొని లేచేదాకా బెస్తల సంఘంలో ఎవరూ పెద్దవల దించరు. తొలి చేప దానిది, ఆ తర్వాతే మనది. ఈ లెక్క చెప్పి నిలబెట్టే పెద్దమనిషి బుచ్చన్నే.

వనపర్తి కాలేజీలో పాఠాలు చెప్పే స్వరూప కూడా ఆ గద్ద కోసమే ఎదురుచూసేది. ఆదివారం తెల్లారేసరికి మెడలో బైనాక్యులర్ వేసుకొని కట్ట మీద ఉండేది. ఆమెను ఆటపట్టించడం బుచ్చన్నకు సరదా.

"కొంగలను చూడనీకె పెట్రోలు పోసుకొని వస్తరా మేడం? మాకు ఊకెనే కనిపిస్తయి."

"ఊకెనే కనిపించే ఊరు దొరకాలె కద అన్నా," అని ఆమె నవ్వేది.

ఆ ఆదివారం ఆమె నవ్వలేదు.

"బుచ్చన్నా, మీ గద్ద వచ్చింది. కానీ తుమ్మచెట్టుకు చిక్కుకొని వేలాడుతుంది. జర పుట్టి తియ్యి."

బుచ్చన్న తెడ్డు అందుకున్నాడు. ఇద్దరూ ఆ గుండ్రటి పుట్టి పడవలో చెరువు నడుమకు పోయారు. నీళ్లలో సగం మునిగిన తుమ్మచెట్టు కొమ్మలకు వరదలో కొట్టుకొచ్చిన నైలాన్ వల చుట్టుకొని ఉంది. ఆ వలలో గద్ద తలకిందులుగా వేలాడుతోంది. ఒక రెక్క విప్పి ఉంది, ఇంకో రెక్క దారాల్లో నలిగి ఉంది. కొట్టుకొని కొట్టుకొని అలసిపోయి నోరు తెరిచి చూస్తోంది. బుచ్చన్న దాని తలమీద తువాల కప్పి, గోళ్లు తగలకుండా ఒడిసిపట్టి, స్వరూపను పట్టుకోమన్నాడు. తర్వాత కత్తితో దారాలు ఒక్కొక్కటే కోశాడు.

"ఏ దొంగముండాకొడుకు పెట్టిండో ఈ ఉచ్చు, వాని చేతులు పడిపోను," అని తిట్టాడు.

ఆ మాట నోట్లో ఉండగానే ఎర్రదారం కంటబడింది. చిరిగినచోట ఎర్రదారంతో జంటముడి వేసి, కొసను పంటితో కొరికి తెంపిన కుట్టు అది. ఆ చెరువు మీద ప్రతి ఇంటికీ ఒక రంగు దారం ఉంది, ఎవరి వల ఎవరిదో తెలియడానికి. ఎర్రదారం జములమ్మది.

బుచ్చన్న ఆ ముక్కను చుట్టచుట్టి పుట్టి అడుగున తోశాడు. పుట్టిని ఒడ్డుకు తిప్పాడు. స్వరూప అటవీశాఖ వాళ్లకు ఫోన్ చేసి చెప్పి, అట్టపెట్టెకు చిల్లులు పొడిచి, గద్దను వనపర్తి పశువుల దవాఖానకు తీసుకుపోయింది.

ఇంట్లో జములమ్మ ఆ ముక్కను చేతిలోకి తీసుకోగానే గుర్తుపట్టింది.

"ఇది మనదే. నేనే పసుపు పెట్టి ఇచ్చిన."

"మెల్లగ అను. ఎవలన్న ఇంటరు."

"ఇంటే ఇననియ్యి. మీ నాయిన వదిలింది నూలువల. ఒక్క వానకాలంల మురిగి మన్నయిపోతుండె. ఇది నైలాన్‌ది. పసుపు పోయింది గని వల పోలే సూడు."

బుచ్చన్న ఆ ముక్కను తిప్పి చూశాడు. ఇన్నేళ్లుగా భక్తితో చెరువుకు ఇచ్చింది ఉరితాళ్లా? ఆ రాత్రి అన్నం సయించలేదు.

సంఘంలో తొందర మొదలైంది. అధ్యక్షుడు జగదీశ్ రోజూ వచ్చి కూర్చునేవాడు. "మామా, కార్తీకం వస్తే చేపలు ఎవరు కొంటరు? ఈ యేడు గద్ద రాలేదేమో. పెద్దవల దించుదం." బుచ్చన్న ఆగమనేవాడు. ఎందుకు ఆగాలో మాత్రం చెప్పేవాడు కాదు. చాటుగా స్వరూపకు ఫోన్ చేసి, సొంత మనిషిని దవాఖానలో పెట్టినట్టు అడిగేవాడు. "మా గద్ద తిన్నదా మేడం?" తినలేదని వింటే ఆ పూట అతనూ తినేవాడు కాదు. ఒకరోజు ఆమె చెప్పింది. "డాక్టరు చేపముక్క నోట్లో పెడితే మింగింది అన్నా. రెక్క విరగలే, బెణికిందంతే." బుచ్చన్న ఫోన్ పట్టుకొని గోడకు ఆనుకొని ఏడ్చాడు.

మరుసటి ఆదివారం స్వరూప పెట్టెతో కట్ట మీదికి వచ్చింది. బుచ్చన్న పిలవగా ఊరంతా చేరింది. పెట్టె తెరవకముందే బుచ్చన్న ఆ వలముక్కను అందరి ముందు పరిచాడు.

"గద్ద వచ్చింది, నేనే చెప్పలే. దాన్ని ఉరేసింది నా వలనే. ఉచ్చు పెట్టినోని చేతులు పడిపోవాలని తిట్టిన. ఆ చేతులు నావే."

స్వరూప పెట్టె మూత తీసింది. గద్ద ఒక్క క్షణం తల తిప్పి చూసి, రెక్కలు చాపి లేచింది. మొదట కొంచెం ఒరిగింది, తర్వాత నిలదొక్కుకుంది. చెరువు మీద చుట్టు తిరిగి అవతలి ఒడ్డున ఎండుకొమ్మ మీద వాలింది. బుచ్చన్న రెండు చేతులూ ఎత్తి దానికి మొక్కాడు, తర్వాత స్వరూప వైపు తిరిగి మొక్కాడు. ఆమె కంగారుపడి అతని చేతులు పట్టుకుంది.

ఆ పూటే పుట్టిలన్నీ కదిలాయి. తుమ్మచెట్ల కింద, తూటికాడల్లో, నీళ్లు పొర్లే మత్తడి రాళ్ల నడుమ చిక్కుకున్న పాత వలలు లాగి కట్ట మీద కుప్ప పోశారు. వాటిలో ఎండిపోయిన నీటికోళ్లు, తాబేటి చిప్పలు, చేపల ముళ్లు ఉన్నాయి. నీలిదారం, పచ్చదారం, పసుపుదారం, అన్ని ఇండ్ల దారాలూ ఉన్నాయి. బుచ్చన్నను ఒక మాట అందామనుకున్నవాళ్లు తమ దారం చూసుకొని తల వంచుకున్నారు. జగదీశ్ తన ఇంటి నీలిదారం ముక్కను తీసి బుచ్చన్న వలముక్క పక్కన పరిచాడు.

మరునాడు పొద్దెక్కేసరికి గద్ద నీళ్ల మీద పడి జెల్లచేపతో లేచింది. అప్పుడు పెద్దవల దించారు. చెరువు కడుపునిండా ఇచ్చింది. జములమ్మ మంచి చేపలు ఏరి స్వరూప ఇంటికి పంపించింది.

ఈ ఏడు మృగశిరకు కూడా ఆ వాకిట్లో పాత వలకు పసుపు పెట్టారు. కానీ బుచ్చన్న దాన్ని చెరువుకు మోయలేదు. మడతపెట్టి, సంఘం గదిలో పాత వలల మూటలో చేర్చాడు. ఆ మూట పట్నంలో ప్లాస్టిక్ కరిగించేచోటికి పోతుంది. "తాతల కాలం మొక్కు తప్పిస్తివేమో," అని పక్కింటి అమృతమ్మ సందేహపడింది. దానికి జములమ్మ చెప్పిన మాట మనందరం చెవిలో వేసుకోవలసిందే.

"మొక్కు తప్పలే అక్కా. అన్నం పెట్టిన చెరువుకు దండం పెట్టుడొక్కటే సాలదు. దాని మెడకు మనం చుట్టింది మనమే ఇప్పాలె."