ఇసుక మీది పచ్చపొర

మంచినీళ్ల చెరువు బాధ్యత యానాది పిల్లకిచ్చారని తెలియగానే, రేపల్లె పక్కనున్న ఆ ఊళ్లో సగంమంది మూతి విరిచారు. "ఇక వీళ్ల చేతి నీళ్లు తాగాలా?" అని కోటేశ్వరమ్మ అందరికీ వినపడేట్టే అంది.

ఆ పిల్ల పేరు అంకమ్మ. ఆమెకు పంతొమ్మిదేళ్లు. రెండేళ్ల కిందట యానాది కాలనీలో వాంతులూ విరేచనాలూ వచ్చినప్పుడు ఆమె తమ్ముడు రెండో రోజుకే పోయాడు. నీటి పథకాల పని నేర్పడానికి బాపట్లలో గిరిజన యువతను పిలుస్తున్నారని విని, మారుమాట లేకుండా వెళ్లింది.

వేసవిలో కాలవలు కట్టేశాక ఊరికి ఆ చెరువే దిక్కు. ఆ నీరు ఇసుక తొట్టిలోంచి దిగి కొళాయిలకు వస్తుంది. ఇసుక మీద పాచిలా పట్టే పచ్చపొరే క్రిములను ఆపుతుంది. అది మందమైతే పైపైన రెండు వేళ్లంత గీకి, మిగతాది ముట్టుకోకూడదు. శిక్షణలో దేవసహాయం మాస్టారు ఈ మాట పదిసార్లు చెప్పారు.

అంకమ్మకు తెలియక కాదు. పొర గీకడానికి తొట్టి మొదటిసారి ఎండగట్టిన రోజున ఊరంతా గట్టు మీద చేరింది. తన చేతిని ఎవరూ మురికిచెయ్యి అనకూడదనుకుంది. కాలనీవాళ్లను నలుగురిని పిలుచుకుని, ఇసుకంతా ఎత్తి కడిగింది. పండగ గిన్నెలు తోమినట్టు తోమింది. ఇసుక తెల్లగా మెరిసింది.

"పనిమంతురాలే!" అన్నాడు నీటి కమిటీ పెద్ద పున్నారావు.

రెండు రోజులకు పరీక్ష సీసాలో పోసిన నీళ్లు నల్లబడ్డాయి. నల్లబడితే తాగరాని నీళ్లని లెక్క. అంకమ్మ వాల్వు కట్టేసి తాళం వేసి, పున్నారావు ఇంటికి వెళ్లి తప్పు తనదేనని చెప్పింది.

"దానికేముందే, బ్లీచింగు నాలుగు దోసిళ్లు ఎక్కువ కొట్టు."

"పొర లేక మట్టి కూడా దిగుతోందండి, మట్టి నీళ్లకు బ్లీచింగు చాలదండి. పొర మళ్లీ పట్టడానికి వారం ఆగాలండి."

"వారం ట్యాంకరు నీళ్లంటే ఊరు నన్ను బతకనిస్తుందా? వాల్వు తిప్పుతావా, తాళంచెవి ఇస్తావా?"

"తాళంచెవి వారం తరవాత ఇస్తానండి. అప్పుడు తీసేయండి నన్ను."

పున్నారావు గొణుక్కుంటూ ట్యాంకరు కోసం ఫోన్ తీశాడు.

ఆమె బజారుకు వెళ్లి తెనాలిలో ఉన్న మాస్టారికి ఫోన్ చేసింది.

"ఇసుకంతా కడిగేశానండి."

"పెరుగు గిన్నె అడుగంటా తోమేస్తే రేపు పాలకు తోడేదమ్మా?" అన్నారాయన. "బాపట్లలో మీరు పని నేర్చుకున్న తొట్టిలో పచ్చ ఇసుక ఉంది. గోతాంలోకి ఎత్తి తీసుకెళ్లి నీ తొట్టిలో పలచగా చల్లు. తోడుకోవడానికి టైమివ్వు."

బాపట్ల నుంచి తిరిగొచ్చే రేపల్లె బస్సులో కారుతున్న గోతాం చూసి కండక్టరు ముక్కు మూసుకున్నాడు. "ఏంటమ్మాయ్, చేపలా?"

"ఇసుకండి."

"సముద్రం పక్కన ఉంటూ ఇసుక మోసుకెళ్తున్నావా? బాగుంది!"

బస్సంతా నవ్వింది. అంకమ్మ గోతాన్ని ఒళ్లోకి లాక్కుంది.

ఇసుక చల్లి, పైన నీళ్లు నింపి, అడుగున దిగినవి పారబోస్తూ కూర్చుంది. మూడో నాటి సీసా నలుపు. అయిదో నాటిది కూడా నలుపే. ట్యాంకరు దగ్గర తోపులాటలో కోటేశ్వరమ్మ బిందె సొట్టపోయింది. తిట్లన్నీ గట్టు దాకా వినపడ్డాయి. ఆ రోజులన్నీ అంకమ్మకు ముద్ద దిగలేదు. తిప్పేద్దామా అని ఒకసారి వాల్వు దాకా నడిచింది. తమ్ముడి పెదాలు ఎండిపోవడం గుర్తొచ్చి వెనక్కి వచ్చింది.

ఎనిమిదో పొద్దున సీసా ఎండకెత్తి చూసింది. రంగు మారలేదు. నమ్మలేక, దానితోపాటే నింపిన రెండో సీసా కూడా చూసింది. అదీ మారలేదు.

అప్పటికే వెనక పున్నారావు నిలబడి ఉన్నాడు. ఆమె తాళంచెవి ఆయన ముందుకు చాచింది.

"నాకెందుకే? నాకు తిప్పడం వచ్చా?" అని ఆయన కసిరాడు. "కానియ్, ఆడాళ్లు బిందెలతో కాసుకునున్నారు."

వాల్వు తిరిగింది. కాసేపటికి వీధిలోంచి కోటేశ్వరమ్మ కేక వినపడింది: "వచ్చాయర్రా!"

అంకమ్మ గట్టు మీద కూలబడింది. తల్లి తెచ్చి పెట్టిన చద్దన్నం గిన్నె దగ్గరికి లాక్కుని, తల ఎత్తకుండా తినసాగింది.