నాలుగు వందల పదమూడో మనిషి

జిగురు ఎక్కువైతే ఫోటో ముందు వైపుకి మరక తేలుతుందని, అగ్గిపుల్లతో నాలుగు మూలలకీ చుక్కచుక్కగా పెడుతున్నారు ఫారాల మాస్టారు. ఫోటోలో మనుషులెవరూ లేరు. తొంభై ఆరు రాతిమెట్లు, యాభై రెండో మెట్టు దగ్గర ఒక మలుపు, ఆ మలుపులో చాప పరిచేంత చోటు. అంతే.

మాస్టారు అనే పేరేగానీ ఆయన ఎవరికీ ఒక్క పాఠమైనా చెప్పినవారు కాదు. పేటలోని పఠనాలయంలో ఇరవై ఆరేళ్ళుగా గుమాస్తా. తలుపులు తీయడం, పత్రికలు మడిచిపెట్టడం జీతం వచ్చే పని. ఏ సంస్థ ఎవరికి గ్రాంటు ఇస్తోందో ఆ పత్రికల్లోనే వెతికి, పేట తరఫున ఫారాలు నింపడం జీతం రాని పని. బడికి కుళాయి, మురుగుకాలువకి మూతలు, పఠనాలయానికి రెండు ఫ్యాన్లు అలా వచ్చినవే. గ్రాంటు వచ్చిన రోజు దండ కమిటీ అధ్యక్షుడి మెడలో పడేది. రాని రోజు చీవాట్లు మాస్టారికి పడేవి. ఆయన రెంటికీ ఒకేలా తలూపేవారు.

ఫారంలో ఎన్ని గడులున్నా ఆయన ప్రాణం ఒక్క గడిలో ఉండేది: ‘ఎంతమందికి ఉపయోగం?’ అందరూ అక్కడ నోటికొచ్చిన అంకె వేసి, పక్కన రెండు సున్నాలు చేరుస్తారు. ఈయన మాత్రం నోటుపుస్తకం పట్టుకుని గడపగడపా ఎక్కి, రోజూ ఆ దారిన నడిచేవాళ్ళనే రాసుకొస్తారు. తన ఇంటివాళ్ళని మాత్రం ఎన్నడూ రాయరు. వడ్డించేవాడు తన విస్తరి చూసుకోకూడదన్నట్టు ఉండేది ఆ పట్టుదల.

ఈసారి అడిగింది మెట్లకి పట్టుకుని దిగే ఇనుప కమ్మీ, మలుపులో కూర్చునే బల్ల. మొత్తం నాలుగు వందల పన్నెండు మంది. కిందటేడు ఇదే అడిగితే, ‘అంత అవసరంగా తోచలేదు’ అని ఒక్క వాక్యంలో తిప్పికొట్టారు. ఇవాళ సాయంత్రం అయిదింటితో మళ్ళీ గడువు ముగుస్తుంది.

"పన్నెండులో నేనున్నానా?" టీ గ్లాసు బల్ల మీద పెడుతూ అడిగింది భార్య. ఏటా అడిగేదే.

"మనింటివాళ్ళని రాసుకుంటే బాగుంటుందా చెప్పు?"

"బాగుంటుందండీ, ఎందుకు బాగుండదు? రోజూ ఈ ఇంట్లో అన్నం తినేవాళ్ళ లెక్కలోకి వస్తాను. మెట్లు దిగేవాళ్ళ లెక్కలోకి రానా?" నవ్వుతూనే అంది. ఆ రెండు మాటలకే ఆయాసం వచ్చి గోడకి చెయ్యి ఆనించింది.

ఆమె గుండె బలహీనమని తేలి ఏడాదిన్నర. నడవొచ్చు, కానీ ప్రతి పాతిక అడుగులకీ కూర్చోవాలన్నారు. ఆ మెట్ల మీద కూర్చుంటే దిగేవాళ్ళ మోకాళ్ళు తగులుతాయి. అందుకని ఆయన ఒక చిన్న ముక్కాలిపీట వెంట తెచ్చేవారు. కింది వీధిలో ఆమె చెల్లెలి ఇల్లు. అక్కాచెల్లెళ్ళు ఒకరి గొంతు ఒకరికి వినపడేంత దూరంలో ఉన్నారు. కానీ మూడు నెలలుగా అక్క దిగలేదు. చెల్లెలి మోకాళ్ళు అరిగిపోయాయి, ఆవిడ ఎక్కలేదు. బల్ల పడితే ఎవరి సాయం లేకుండా తానే దిగి చెల్లెలి ముందు నిలబడాలన్నది భార్య కోరిక. ఆ సంగతి ఫారంలో ఎక్కడా లేదు.

ఫైలు తిరగేస్తుంటే కిందటేటి తిరస్కరణ ఉత్తరం జారిపడింది. ఆమె అందుకుంది. "దీన్నింకా దాచారా? దిష్టి. నాకు వదిలెయ్యండి, కాగితం దళసరిగా ఉంది, దేనికైనా పనికొస్తుంది."

"నీ ఇష్టం. మూడున్నరకల్లా వచ్చేస్తాను. మందు వేసుకో."

"వేసుకున్నాను. చొక్కా గుండీలు చూసుకోండి, ఒకటి ఎక్కువైంది."

నిజంగానే ఒక కాజా తప్పింది. సరిచేసుకుని దిగారు. మెట్ల చివరికొచ్చి వెనక్కి చూస్తే కిటికీలో ఆమె చెయ్యి కనిపించింది.

గ్రాంటు ఇచ్చే నిధి సంస్థ కార్యాలయంలో వరస పొడుగ్గా ఉంది. ఆయన వంతు వచ్చేసరికి రెండున్నర దాటింది. కౌంటరు దగ్గరి అమ్మాయి అన్ని కాగితాలూ తిప్పి, "మీ ఫారాలు చూస్తే మాకు పండగే మాస్టారూ. ఒక్క కొట్టివేత ఉండదు," అని ముద్ర ఎత్తింది.

అప్పుడు ఆయనకి గోడకి ఆనిన చెయ్యి గుర్తొచ్చింది. నాలుగు వందల పన్నెండు మందిలో ఆ మెట్ల మీద ఊపిరి ఆడక నిలబడ్డ మనిషి ఒక్కరైనా ఉన్నారా? ఎవరికోసం ఈ ఫారం పుట్టిందో ఆ మనిషినే బయట నిలబెట్టి రావడం ఏం న్యాయమని మనసు నిలదీసింది.

"ఒక్క క్షణం అమ్మా, ఒక మనిషి తక్కువైంది."

"ఒక్కరే కదండీ! పోనివ్వండి."

"పోనివ్వకూడదమ్మా."

కొట్టివేత ఉంటే ఫారం చెల్లదని పేటంతటికీ చెప్పేది ఆయనే. మధ్యలో ఒక పేజీ మారిస్తే సిరా తేడా వస్తుందన్నదీ ఆయనే. సంచిలో ఎప్పుడూ ఉండే రెండో ఖాళీ ఫారం తీసి, కిటికీ పక్క బెంచీ మీద కూర్చుని తొమ్మిది పేజీలూ మళ్ళీ రాశారు. ఆ గడిలో ‘413’ వేసి, సిరా ఆరేదాకా ఊదారు. తనని కలుపుకోవడానికి ఇప్పటికీ మనసొప్పలేదు. ముద్ర పడేసరికి నాలుగున్నర దాటింది. రసీదు జేబులో పెట్టుకుని, పెళ్ళిచూపులు చూసొచ్చిన కుర్రాడిలా తనలో తాను నవ్వుకుంటూ నడిచారు. ఇంటికెళ్ళగానే ఆమె చేతిలో పెట్టాలి.

కింది మెట్టు నుంచే ఆమె కనిపించింది. మలుపులో ముక్కాలిపీట మీద కూర్చుని, తల గోడకి ఆనించి ఉంది. ఆమె వెనక, పక్కింట్లో బట్టలు కుట్టే దర్జీ అక్క నిలబడి ఉంది. మాస్టారి గుండె ఉప్పొంగింది. సగం దాకా దిగింది! యాభై రెండు మెట్లూ గబగబా ఎక్కి, రసీదు తీసి, "నిన్ను కలిపానే," అన్నారు.

ఆమె పలకలేదు. దర్జీ అక్క కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"మూడున్నరకే వస్తానన్నారట. నాలుగైనా రాకపోతే, ఎదురెళ్దామంది. వద్దన్నా వినలేదన్నయ్యా. పీట నేనే పట్టుకొచ్చాను. ఇక్కడ కూర్చుని, ‘నేనే దిగాను చూశావా’ అంది. కాసేపటికి పిలిస్తే..."

ఆయన రసీదు మడిచి మళ్ళీ జేబులో పెట్టుకున్నారు. ఆ పని చెయ్యడానికి చాలాసేపు పట్టింది. ఆ తర్వాత ఆమె పక్కన మెట్టు మీద కూలబడి, పేటంతా వచ్చి లేపేదాకా ఆమె చెయ్యి వదలలేదు. చెల్లెలు కింది మెట్టు దగ్గరే ఆగిపోయి, "అక్కా, అక్కా" అని పైకి పిలుస్తూ ఉండిపోయింది.

పదిహేను రోజులకి నిధి సంస్థ నుంచి చోటు చూడ్డానికి ఒక ఉద్యోగిని వచ్చింది. మలుపులో నిలబడి ఫారం తిప్పింది. "నాలుగు వందల పదమూడు. మళ్ళీ సరిచూసుకున్నారా? తేడా ఏమైనా ఉంటే ఇప్పుడే చెప్పండి, దిద్దుకుంటాను."

ఇరవై ఆరేళ్ళలో తప్పు అంకెని ఒక్క పూట కూడా ఓర్చుకోలేని మనిషి నోటుపుస్తకం తెరవలేదు.

"సరిగ్గానే ఉందమ్మా. పదమూడే."

ఆమె తలూపి, "ఫోటో తీయాలి. ఈ పీట ఎవరిది? అడ్డంగా ఉంది, తీసేద్దామా?" అంది.

"ఉండనివ్వమ్మా."

అది ఆ రోజు నుంచీ అక్కడే ఉంది. రాయి పల్లంగా ఉన్న వైపు కాలు ఊగకుండా, దాని కింద నాలుగు మడతలు పెట్టిన కిందటేటి తిరస్కరణ ఉత్తరం ఉంది.