దేవుని గూట్లో టేపు చుట్ట

"నిద్రపోయినావు. అంతే. ఒప్పుకో."

సొసైటీ ఆఫీసు వసారాలో, అందరి ముందర, కుర్చీలో వెనక్కి వాలి అధ్యక్షుడు జగదీశ్ ఆ మాట అనేసరికి మహాదేవికి అరికాలి మంట నెత్తికెక్కింది.

బళ్ళారి జిల్లా తెక్కలకోట పక్కన కాలువ నీళ్ళు పంచే సొసైటీ అది. తూముల దగ్గర కాపలా ఉండే నీరుగంటీల చేతుల్లో వాకీటాకీలు ఉంటాయి. గట్టి వాన పడితే అక్కడ సెల్‌ఫోన్లు పనిచేయవు. అందుకే ఆఫీసు మిద్దె మీద యాంటెనా నిలబెట్టి, కింద గదిలో రేడియో పెట్టారు. దాని ముందు కూర్చోవడం మహాదేవి పని. పైతూము మాటను కిందితూముకు చేరవేసేది ఆమే.

మొన్నటి వానలో పైతూము నీరుగంటి భీమేష్ "కాలువ పొర్లుతాంది, కిందితూము ఎత్తమను" అని గొంతు చించుకుని అరిచాడు. ఆ అరుపు ఆఫీసుకు చేరనే లేదు. కాలువ పొంగి వెంకటరామి కళ్ళంలో నూర్చి పోసిన వడ్లరాశిని ముంచేసింది. తప్పు ఎవరిదో ఒకరిది కావాలి గదా. రేడియో ముందు కూర్చున్నదాని నెత్తిన పెట్టడం అన్నిటికంటే సులభం. పని నుంచి తీసేస్తే సరి, ఊరు చల్లబడుతుంది.

"నిద్రపోయింటే నా కండ్లు పోనీ," అంది మహాదేవి. "పొద్దున్నించి సెట్టు ముందరే కూచోనుండా. గరగరమనింది, మూగబోయింది. వారం నుంచి మొత్తుకుంటాండా గదప్పా, ఎవరన్నా మిద్దెక్కి చూడండని! 'వానకి అట్లే ఉంటాదిలే' అనింది ఎవరు?"

"ఇన్యారా? సాకులు చెప్తాంది," అని నవ్వాడు జగదీశ్.

"సాకా?" మహాదేవి గొంతు పెరిగింది. "ఆ మాట అనేదానికి నోరెట్లొచ్చె జగదీశప్పా నీకు? యాంటెనా పెట్టినపొద్దు సాకు అనింది నువ్వు కాదూ?"

తెలుగులో సాకంటే వంక. కన్నడంలో చాలని. ఈ సరిహద్దు ఊళ్ళలో టీ పోస్తున్నా, అన్నం వడ్డిస్తున్నా అందరి నోటా వచ్చేది ఆ రెండో సాకే. యాంటెనా పెట్టిన శుక్రవారం జగదీశ్ నోట వచ్చిందీ అదే.

ఆ రోజు బళ్ళారి నుంచి సిద్దేశ్ అనే మెకానిక్కు వచ్చి మిద్దె మీద గొట్టం నిలబెట్టాడు, యాంటెనా బిగించాడు, కనెక్టరుతో కేబులు తగిలించాడు. కనెక్టరు మీద మామూలు కరెంటు టేపు ఒక వరస చుట్టి, "దీనిపైన రబ్బరు టేపు చుట్టల్లక్కా, కింద నుంచి పైకి, పెంకులు కప్పినట్ల. లేకుంటే నీళ్ళు దిగి కేబులంతా తాగేస్తాది," అని నిచ్చెన పట్టుకున్న మహాదేవితో చెబుతూనే ఉన్నాడు, కింద నుంచి జగదీశ్ కేక వేశాడు. "టేపు చుట్టినావు గదా, సాకు సాకు! రాహుకాలం వచ్చేస్తాంది, దిగప్పా, కొబ్బరికాయ కొట్టల్ల!"

రబ్బరు టేపు చుట్ట పూజ తట్టలోకి పోయింది. దానికి పసుపు, కుంకుమ, పైన ఒక మల్లెపువ్వు. పూజయ్యాక సిద్దేశ్ మళ్ళీ నిచ్చెన ఎక్కబోతే రాహుకాలంలో ఎక్కొద్దన్నారు. అతనికి బళ్ళారి కంటోన్మెంట్‌లో ఇంకో పని ఉంది, వెళ్ళిపోయాడు. మర్నాడు మహాదేవి చుట్ట తీయబోతే జగదీశ్ కసురుకున్నాడు. పూజ చేసిన వస్తువట, ముట్టకూడదట. నాటి నుంచి అది రేడియో పైన దేవుని గూట్లో, అగరుబత్తీల పక్కన, హాయిగా పొడిగా కూర్చుంది.

"ఉచ్చెంగెప్ప మామా, ఆపొద్దు కొబ్బరికాయ కొట్టింది నువ్వే గదా," అని ముసలాయన వైపు తిరిగింది మహాదేవి. "నోట్లో ఇంగా కొబ్బరి ముక్క ఉండాదా, మాట రాదే?"

ఉచ్చెంగెప్ప తల దించుకున్నాడు. అందరూ విన్నవాళ్ళే. ఒక్కొక్కరూ పక్కవాడి వైపు చూశారు.

ఆమె రేడియో ఆపేసి నిచ్చెన అందుకుంది.

"ఇప్పుడొద్దు," అన్నాడు జగదీశ్ ఫోను చూసుకుంటూ. "రాహుకాలం ఉండాది."

"కాలువకు చెప్పింటివా అప్పా, రాహుకాలం చూసుకోని పొర్లమని?"

వెంకటరామి లేచాడు. రెండు రోజులుగా తడి వడ్లు తిరగేసి తిరగేసి ఆయన చేతులు నానిపోయి ఉన్నాయి. "నువ్వెక్కు పాపా. నిచ్చెన నేను పట్టుకుంటా," అన్నాడు.

అందరూ మిద్దె మీదికి చేరారు. మహాదేవి వేలు తగలగానే కరెంటు టేపు కుళ్ళిన అరటితొక్కలా ఊడొచ్చింది. కనెక్టరు విప్పి కేబులు కొన కిందికి వంచింది. పచ్చటి చిలుము నీళ్ళు బొట్లు బొట్లుగా కారాయి. వెంకటరామి చెయ్యి చాచి పట్టి, ఆ అరచేతిని జగదీశ్ ముక్కు దగ్గర పెట్టాడు.

"సరే, సరేలే. కొత్త కేబులు ఏయిద్దాం. అయిపోయింది గదా," అని గొణిగాడు జగదీశ్.

"యాడ అయిపోయింది? నిద్రపోయినానని నువ్వు ఊరంతా చెప్తివి," అంది మహాదేవి నిచ్చెన మీద నుంచే.

మర్నాడు సిద్దేశ్ కొత్త కేబులు తెచ్చి బిగించాడు. గూట్లోని చుట్ట మహాదేవే స్వయంగా తీసి అందించింది. పసుపు మరకలతోనే అది కనెక్టరు మీద, కింద నుంచి పైకి, వరస మీద వరస ఎక్కింది. ఈసారి జగదీశ్ కింద నిలబడి చివరి వరసదాకా చూశాడు.

రేడియో వెలిగింది. మహాదేవి మైకు తీసి జగదీశ్ చేతిలో పెట్టింది.

"మొదటి మాట నీదే. ఆపొద్దు నేను నిద్రపోలేదని చెప్పు."

అతను చుట్టూ చూశాడు. వసారాలో అందరూ ఉన్నారు. మీట నొక్కి, గొంతులోనే, "మహాదేవి నిద్రపోలేదు," అన్నాడు.

పైతూము నుంచి భీమేష్ గొంతు ఖణీమని పలికింది. "ఎవరప్పా అది? సరిగ్గా ఇనపడలే. గట్టిగా చెప్పు!"

"మహాదేవి నిద్రపోలేదు! యాంటెనాలోకి నీళ్ళు పోయినాయి! తప్పు నాది!" అని అరిచాడు జగదీశ్. చెమట తుడుచుకుని ఆమె వైపు చూశాడు. "సాకా?"

"కిందితూమోళ్ళు ఇంగా పలకలేదు," అంది మహాదేవి.