ముతకదా, సన్నదా?

...అయినా ముతక మందే మేలని మేస్త్రీ చెప్పినందుకు అది పోయాలనుకుంటున్నానా, లేక అక్క వద్దన్నందుకా? ఈ రెండూ ఒకటి కావు. మొదటిదైతే ప్రేమ. రెండోదైతే, ఇన్నేళ్లూ నోరెత్తని మనిషికి దొరికిన చిన్న సందు.

రేకుల షెడ్డు కింద చెక్కబల్ల ముందు నిలబడి చిన్నది ఇలా ఆలోచిస్తోంది. అరవై దాటినా ఇంట్లో ఆమె చిన్నదే. బల్ల మీద రెండు కుప్పెలున్నాయి. ఇత్తడి కుప్పెలో సన్న తుపాకీ మందు, కొమ్ము కుప్పెలో ముతక మందు. పక్కనే అక్క పాత తుపాకీ మూతి పైకెత్తి నిలబడి ఉంది. దానికి అన్నీ మూతిలోంచే. మందు పోసి, నూనె గుడ్డ చుట్టిన సీసపు గుండు పెట్టి, పొడుగాటి కడ్డీతో అడుగుదాకా దట్టించాలి.

పోయిన శీతాకాలం స్నానాల గదిలో జారిపడి అక్క కుడి భుజం దగ్గర ఎముక విరగ్గొట్టుకుంది. ఎముక అతుక్కుంది గానీ కడ్డీ దట్టించే సత్తువ ఆ చేతికి ఇంకా రాలేదు. అందుకని ఇవాళ్టి గురి పోటీలో దట్టించే పని చెల్లెలు చేయవచ్చని మైదానం పెద్దాయన ఒప్పుకున్నాడు. కాల్చడం మాత్రం అక్కే.

తుపాకులు బాగుచేసే మేస్త్రీ నిన్న తన కొట్లో రెండు మందులూ తెల్లకాగితం మీద పోసి చూపించాడు. ముతకది ఆవాలంత, సన్నది గసగసాలంత. "సన్నది గబుక్కున అంటుకుంటుందమ్మా, భుజం మీద చాచి కొట్టినట్టుంటుంది. ముతకది కాస్త నిదానం. కొట్టదు, తోస్తుంది. మీది వెడల్పు గొట్టం, దానికి అదే తగింది. సన్నదే కావాలంటే కొలత తగ్గించుకోవాలి."

"తగ్గిస్తే గుండు సగం దారిలో ఆగి ఎవర్నో అడ్రసు అడుగుతుంది," అంది అక్క. "పోయినేడు సన్నదాంతోనే గెలిచాను. ముతకది గొట్టమంతా మసి చేస్తుంది. నాకొద్దు."

చిన్నదానికి మొదట ఆ మాటే సబబనిపించింది. ఆమె బతుకంతా కళ్లద్దాల కొట్లో అద్దాలు సానబట్టడంలోనే గడిచింది. అక్కడ ముతక పొడి గీకుతుంది, సన్న పొడి నిమురుతుంది. సన్నదంటే మెత్తనిదని ఆమె వేళ్లకు అలవాటైపోయింది. ఇక్కడ అంతా తలకిందులు. గసగసాల్లాంటిదే చేయి చేసుకుంటుందట. కొందరు మనుషుల్లాగా, అనుకుని, ఎవరిలాగా అని తనను తాను అడగకుండా ఆగిపోయింది.

కానీ ఆమె ఇంకొకటి చూసింది. సాధన చేసే రోజుల్లో, ట్రిగ్గర్ నొక్కే ముందే అక్క కళ్లు గట్టిగా మూసుకుంటోంది. ఎముక మరిచిపోయినా భుజం మరిచిపోలేదు. గుండ్లన్నీ గురిపలక మీది నల్లచుక్క కింద, మట్టిలోకి పోతున్నాయి. అక్క మాత్రం "గాలి ఎక్కువగా ఉంది" అంటోంది, చెట్టు మీద ఆకైనా కదలని రోజున. ఇవాళ కూడా అలాగే పోతే ఏమవుతుందో చిన్నదానికి తెలుసు. అక్క ఎవర్నీ తిట్టదు. తుపాకీ తుడిచి, గుడ్డలో చుట్టి, బీరువా మీద పడేస్తుంది. ఆ తర్వాత ఆదివారాలు మంచం మీద పడుకుని గోడవైపు తిరుగుతుంది. ఆ వీపును చిన్నది పోయిన శీతాకాలమంతా చూసింది. ఇంకోసారి చూసే ఓపిక లేదు.

అక్కకు తెలియకుండా ముతకదే పోసేస్తే సరి. అక్క అటు తిరిగి స్టూలు మీద కూర్చుంది, చూడదు. చిన్నది కొమ్ము కుప్పె బిరడా తీసింది. చిన్నప్పుడు నా జడ, నా బడి, నా కళ్లజోడు, అన్నీ తనే ఎంచింది. ఇప్పుడు నేను దొంగచాటుగా ఎంచితే అది ఎంచడమవుతుందా? బిరడా పెట్టేసింది. ఇత్తడి కుప్పె తెరిచింది. తను అడిగిందే పోసి, నొప్పి పుడితే? నేను మాట విన్నాను, నాదేం తప్పు లేదు అనుకునే హాయి కోసమా? అదీ మూసేసింది.

"ఏమే, మందు పోస్తున్నావా, మొలకెత్తేదాకా నీళ్లు పోస్తున్నావా?" అక్క కేక.

"అయిపోయిందక్కా!"

చేతులు గబగబా కదిలాయి. నూనె గుడ్డ, దాని మీద గుండు, కడ్డీ. దట్టించింది. తుపాకీ తీసుకెళ్లి అక్క చేతికిచ్చింది. అక్క కాల్చే గట్టు దగ్గరికి నడిచి, మందును అంటించే చిట్టి రాగి టోపీ తుపాకీకి తొడిగి, సుత్తి వెనక్కి లాగి, గురి చూసింది.

టప్.

టోపీ ఒక్కటే పేలింది. పొగ లేదు, మోత లేదు. కానీ తుపాకీ మూతి నేలకు వంగిపోయింది. రాని దెబ్బకు అక్క భుజం వెనక్కి ఎగిరింది. కళ్లు బిగించి మూసుకుని ఉన్నాయి. పక్క గట్ల మీద ఉన్నవాళ్లందరూ చూశారు.

"కదలకండమ్మా!" మైదానం పెద్దాయన పరుగెత్తుకొచ్చాడు. "మూతి అటే ఉంచండి. లోపల నిప్పు నిదానంగా రాజుకుంటూ ఉండొచ్చు."

అందరూ ఎక్కడివాళ్లక్కడే ఆగి చూశారు. ఏమీ రాజుకోలేదు.

అక్క తల తిప్పకుండానే అడిగింది. "ఏ మందు పోశావే?"

"ఏదీ పోయలేదక్కా."

"ఏదీనా?"

"ఏది పోయాలో తేలక..."

పెద్దాయన నవ్వు ఆపుకోబోయి దగ్గాడు. అక్క మాత్రం ఆపుకోలేదు. నవ్వుతుంటే భుజం నొప్పెట్టి "అబ్బా" అంటూ మళ్లీ నవ్వింది. "చూశారా అన్నయ్యగారూ, ఇది ఒకసారి గొడుగు కొనడానికి వెళ్లింది. నల్లదా, నీలందా అని కొట్లో నిలబడి నిలబడి, తడుస్తూ ఇంటికొచ్చింది!"

పోటీ చూడడానికొచ్చిన మేస్త్రీ దగ్గరికొచ్చి టోపీ పెట్టే చోట మర విప్పి, చిటికెడు సన్న మందు లోపలికి రాల్చి, మళ్లీ బిగించాడు. తనే టోపీ పెట్టి కాల్చితే గుండు బద్ధకంగా వెళ్లి మట్టికట్టలో కూరుకుంది. "ఇదిగో, సన్నదానికీ ఒక పని దొరికింది," అన్నాడు.

అక్కాచెల్లెళ్లు స్టూళ్ల మీద కూర్చున్నారు. అక్క నవ్వు ఒక్కో మెట్టే దిగిపోయింది.

"చూశావు కదా?"

"ఏంటక్కా?"

"నాతో నాటకాలొద్దు. లోపల మందే లేదు. అయినా నా భుజం పారిపోయింది." కొంతసేపు కుడి చేతి వేళ్లు చూసుకుంది. "ఎప్పట్నుంచి చూస్తున్నావు?"

"సాధన మొదలెట్టినప్పట్నుంచి."

"మరి చెప్పలేదేం?"

"తిడతావని."

"తిట్టేదాన్నే." అక్క ఎడమచేత్తో చెల్లెలి మోకాలి మీద కొట్టింది, అలాగే ఉంచేసింది. "ముతకదానికి మారితే భుజం పోయిందని ఒప్పుకున్నట్టే, ఆ జారిపడడం నిజమైపోతుందనిపించిందే. పిచ్చి. ఎవరికీ చెప్పకు."

ప్రేమా, అక్కసా అని చిన్నది పొద్దుట నుంచి వేసుకున్న ప్రశ్న ఇంకా లోపలే ఉంది. రెండూ కలిసే ఉన్నట్టున్నాయి, పాలూ నీళ్లలా. విడదీయడానికి తనేమన్నా హంసా? అక్క చెయ్యి మోకాలి మీద బరువుగా, వెచ్చగా ఉంది.

"గుండ్లు ఇంకా మిగిలున్నాయి. పోయి దట్టించు," అంది అక్క.

"ఏది?"

"నన్నడక్కు." అక్క కావాలనే అటు తిరిగి కూర్చుంది. "నేను చూడను. నీ ఇష్టం."

చిన్నది బల్ల దగ్గరికి వెళ్లింది. మైదానం నుంచి ఎవరో ఇంకొకరు కాల్చిన పొగ షెడ్డులోకి వచ్చింది. మందు కొలిచే చిన్న గొట్టం ఒక చేత్తో, కొమ్ము కుప్పె ఒక చేత్తో తీసుకుని వెనక్కి వచ్చింది. అక్క స్టూలు చుట్టూ తిరిగి ఎదురుగా నిలబడింది. అక్క కనుబొమలు లేచాయి గానీ నోరు లేవలేదు.

చిన్నది బిరడా తీసి, కొలత గొట్టాన్ని అక్క కళ్లెదుట పట్టుకుని, ముతక మందును గీత దాకా పోసింది.