వదిన హార్మోనియానికి కాపలా

రెండు నెలలకని చెప్పి మా వదిన తన హార్మోనియాన్ని మా ఇంట్లో పెట్టి తొమ్మిదేళ్లయింది. వదినంటే మా ఆయన అక్క. ఆవిడ ఇంటి గోడలకు చెమ్మ. మాది పొడి ఇల్లని, వాళ్ల నాన్న వాయించిన ఆ పెట్టెను ఆటోలో తెచ్చి, "నీదే పూచీ మరదలా" అంది. తలూపాను. ఊపిన ఆ తలను ఇప్పటికీ తిట్టుకుంటాను.

అప్పటినుంచి వెనక గది దానిదే. కిటికీ తీస్తే దుమ్ము, మూస్తే చెమ్మ. ప్లాస్టిక్ కవరు తొడిగితే లోపల చెమట పట్టి మీటల మీద బూజు వచ్చింది. అది విప్పేసి దుప్పటి కప్పాను. చుట్టూ కలరా ఉండలు, చెప్పుల పెట్టెల్లో వచ్చే, చెమ్మ పీల్చే గింజల పొట్లాలు పెట్టాను. వదిన వారం వారం ఫోను చేసేది. నా ఒంట్లో ఎలా ఉందని కాదు, పెట్టె ఎలా ఉందని.

మొన్న మా చెల్లెలికి కంటి ఆపరేషన్ అన్నారు. "పది రోజులు వచ్చి ఉండవే అక్కా. నువ్వు పక్కనుంటే నాకు ధైర్యం" అంది. ఎప్పుడు పిలిచినా పెట్టె సాకే చెప్పేదాన్ని. ఈసారి వెళ్లి తీరాలనుకున్నాను.

"పెట్టెను మీరు చూసుకుంటారా?" అని మా ఆయన్ని అడిగాను.

"నన్ను చూసుకునే దిక్కే లేదు, పెట్టెనేం చూస్తానే!"

దాంతో సోమవారం గదినే బిగించేశాను. గోడలో నీళ్ల గొట్టం పక్క కన్నంలో సిమెంటు, కిటికీకి రేకు, తలుపు కింద గోనెపట్టా. ఇక చీమ కూడా దూరదని మురిసిపోయాను. ఎలక అప్పటికే లోపల కాపురం పెట్టిందని నాకేం తెలుసు!

గురువారం బట్టలు సర్దుకుంటుంటే గదిలో కరకర వినిపించింది. తలుపు తీయగానే ఎలక నా కాళ్ల మీదుగా పారిపోయింది. పెట్టె వెనక గాలి కొట్టే తిత్తి చీలికలు పేలికలై ఉంది. అందులో ఐదు ఎర్రటి పిల్లలు. మీట నొక్కి చూశాను. పలకలేదు, ఉస్సుమంది.

"చెప్పెయ్యవే. అక్క ఉరి తీస్తుందా?" అన్నారు మా ఆయన.

"అయితే మీరే చెప్పండి."

"నాకెందుకు? పూచీ నీది కదా!"

అంతలో వదిన ఫోను. "ప్రయాణమట గదా మరదలా! నిశ్చింతగా వెళ్లిరా. ఆ పది రోజులూ నేనొచ్చి ఇంట్లో ఉంటాను. పెట్టెను కళ్లారా చూసుకున్నట్టూ ఉంటుంది."

"లేదు వదినా, మానుకున్నాను. నువ్వు శ్రమపడకు" అన్నాను.

"పెట్టెకేం కాలేదుగా?"

"దానికేం, రాయిలా ఉంది."

తర్వాత చెల్లెలికి ఫోను చేశాను. నేను నోరు విప్పకముందే, "పెట్టేనా?" అంది.

"పెట్టేనే."

"బావగారిని కాదు, దాన్నే కట్టుకోవలసింది నువ్వు" అని నవ్వింది. ఆ నవ్వు సగంలోనే ఆగిపోయింది. "సర్లే అక్కా, ఆపరేషన్ రేపు తొమ్మిదింటికి. తలుచుకో" అని పెట్టేసింది.

శుక్రవారం తొమ్మిదింటికి వెనక గదిలో తలుపేసుకుని కూర్చున్నాను. తిత్తికి గుడ్డ ముక్కలు అతికిస్తున్నాను. ఒకవైపు అంటుకుంటే ఇంకోవైపు లేచిపోతోంది.

"తలుపు తీయకు, అక్క ఉన్నట్టుండి వచ్చినా వస్తుంది" అన్నారు మా ఆయన బయటినుంచి.