కోడలి బయోడేటాలో నాలుగేళ్ళు

మా కోడలు తన బయోడేటాలో నన్ను ఒక్క ముక్కలో తేల్చేసింది. "కుటుంబ కారణాల వల్ల నాలుగేళ్ళు విరామం" అట!

ఉద్యోగాలకి ఎక్కడెక్కడికో పంపుతోంది, ఒక్కరూ పిలవడం లేదు. సంగతేమిటో చూద్దామని కళ్ళజోడు పెట్టుకుని లాప్‌టాప్ ముందు కూర్చున్నాను. ఆ ముక్క చదవగానే ఒళ్ళు మండిపోయింది.

"విరామమా? నాలుగేళ్ళూ కాళ్ళు బారజాపుకుని కూర్చున్నావా నువ్వు?"

"మరేం రాయమంటారు అత్తయ్యా?" అంది నీరసంగా.

నాకు పక్షవాతం వచ్చి కుడిపక్క పడిపోయినప్పుడు, మందుల గోడౌన్‌లో నిక్షేపం లాంటి ఉద్యోగం మానేసి నా మంచం పక్కన నిలబడిన పిల్ల. ఇప్పుడు నేను చేతికర్ర పట్టుకుని ఇల్లంతా పెత్తనం చేస్తున్నాను. తనకేమో మళ్ళీ ఉద్యోగం చేయాలని ఉంది. పైకి అనదు గానీ, పొద్దున్నే ఆఫీసు బస్సెక్కేవాళ్ళని కిటికీలోంచి చూస్తూ నిలబడిపోతుంది.

మా సుపుత్రుడు ఉచిత సలహా ఒకటి పారేశాడు. "నా ఫ్రెండు షాపులో పనిచేసినట్టు రాసేద్దాం. ఎవడు చూడొచ్చాడు?"

"నోర్ముయ్‌రా! చేసిన పని కొండంత ఉండగా అబద్ధాలు రాసుకునే ఖర్మేం పట్టింది?"

నేను టైలరింగ్ షాపు నడిపినదాన్ని. పనికోసం వచ్చినవాళ్ళు "అన్నీ వచ్చండీ" అంటే నమ్మేదాన్ని కాదు, ఒక కాజా కుట్టి చూపించమనేదాన్ని. బయోడేటా అయినా అంతే కదా. ఏం చేశావో, దానివల్ల ఏం జరిగిందో కనిపించాలి. "కష్టపడే తత్వం, నిజాయితీ" అని పైన పెట్టుకున్న మాటల్ని ముందు కొట్టేయించాను. అవి ఎవరైనా రాసుకుంటారు.

"ఇప్పుడు రాయి. పక్షవాతం రోగికి నాలుగేళ్ళు ఇంట్లో పూర్తి సంరక్షణ. మందు ఒక్క పూట కూడా తప్పలేదు. వీపు మీద ఒక్క పుండు పడలేదు. మంచం మీది మనిషి చక్రాల కుర్చీలోకి, అక్కణ్ణుంచి వాకర్‌కి, చివరికి చేతికర్రకి వచ్చింది."

"కష్టమైన వ్యక్తులతో ఓపికగా పనిచేసిన అనుభవం" అని తనే టైపు చేసి నావంక ఓరగా చూసింది.

"కష్టమైన ఏమిటే, పరమ మొండి అని రాయి!"

అవును మరి. పొద్దున్నే వ్యాయామం అంటే నేను ముసుగుతన్ని పడుకునేదాన్ని. తను దుప్పటి లాగేసి మరీ చెయ్యెత్తించేది.

చివర్లో, తన పని గురించి ఎవరిని అడగాలో రాసే చోట నా పేరు, నా ఫోన్ నంబరు పెట్టించాను. మావాడు తల పట్టుకున్నాడు. "అత్తగారిని పెడతారా ఎవరైనా? నవ్విపోతారమ్మా!"

"నవ్వితే నవ్వనీ. ఆ పని చేయించుకున్నదాన్ని నేను. ఇంకెవర్ని అడుగుతారు?"

రోగులున్న ఇళ్ళకి మంచాలు, వాకర్లు అద్దెకిచ్చే కంపెనీలో, వాటిని ఎలా వాడాలో ఇంటివాళ్ళకి నేర్పే ఉద్యోగం ఒకటి ఉంది. దానికి పంపింది. పిలిచారు! వెళ్ళొచ్చి, "మీతో మాట్లాడాకే ఏ సంగతీ చెప్తారట అత్తయ్యా" అంది.

మర్నాడు మేనేజరమ్మ ఫోన్ చేసింది. కోడలు వంటింట్లో కుళాయి కట్టేసి, ఊపిరి బిగబట్టి వింటోంది.

"టైముకి పని చేస్తారా అండీ?"

"చేయకపోతే నేను ఊరుకునే మనిషినా?"

"లోపాలేమైనా ఉన్నాయా?"

"ఒకటుంది. తన గొప్ప తాను చెప్పుకోవడం చేతకాదు. అది నేను చూసుకుంటాలెండి."

ఆవిడ పకపకా నవ్వింది. తర్వాత కాస్త తటపటాయించింది. "ఏమీ అనుకోకండమ్మా. మా దగ్గర పొద్దున వస్తే మళ్ళీ సాయంత్రమే ఇంటికి. ఆవిడ ఇక్కడ చేరితే మరి మిమ్మల్ని ఎవరు చూసుకుంటారు?"

కోడలు గుమ్మంలోకి వచ్చేసింది. వద్దులెండి అని చెప్పేయడానికే వచ్చిందని ముఖం చూస్తే తెలిసిపోయింది. పగలంతా ఈ ఇంట్లో ఒక్కదాన్నే ఉండాలంటే నాకూ భయమే, లేదని ఎందుకు బొంకాలి? కానీ నా భయం ఆ పిల్లని మళ్ళీ ఆ కిటికీ దగ్గర నిలబెట్టకూడదు.

ఆగమన్నట్టు తన వైపు చెయ్యెత్తాను.

"నన్ను ఎవరూ చూసుకోనక్కర్లేకుండా చేయడమే మేడమ్, నాలుగేళ్ళూ మా అమ్మాయి చేసిన ఉద్యోగం. అది పూర్తయింది. ఇక మీరు తీసుకోండి."

"సోమవారం పంపించండమ్మా" అంది ఆవిడ.

కోడలు గుమ్మంలోనే చతికిలబడి, కొంగు నోటికడ్డం పెట్టుకుని ఏడ్చింది. "పిచ్చి మొహమా, ఏడుపెందుకే" అని తిడదామనుకున్నాను. కానీ గర్వంగా చేతికర్ర అందుకుని, నేనే వెళ్ళి తనకి గ్లాసుడు మంచినీళ్ళు తెచ్చిచ్చాను.